కిటికీలకు కొట్టిన మేకులు

పెద్దక్క మొగుడికి చొక్కాల ఫ్యాక్టరీ బాయిలర్ రెండో పెళ్ళాం. నిజం చెప్పాలంటే మొదటి పెళ్ళామే అది. ఇంట్లో బల్బు మాడిపోతే వారం దాకా తల ఎత్తి చూడని మనిషి, ఆ ఇనప పీపా గొంతు కాస్త మారితే చాలు, కంచం ముందు నుంచి లేచి పరుగెత్తేవాడు. కట్టెలు దండగని యజమాని రంగు పేలికలూ ప్లాస్టిక్ చెత్తా పంపితే అవే మేపాడు. పేటంతా రాలే మసి మాత్రం రోడ్డు మీది లారీలదేనని వాదించాడు.

ఆ మసే ఇస్త్రీ షెడ్డులో తెల్ల చొక్కాల మీద వాలేది. మరక పడ్డ చొక్కాను మళ్ళీ ఉతికి మళ్ళీ ఇస్త్రీ చెయ్యాలి, ఊరికే. ఆడవాళ్ళు విసిగిపోయి, తమతోపాటు ఇస్త్రీ చేసే పెద్దక్కను ముందు పెట్టుకుని, కిటికీలు మూయించమని కొట్లాడారు. యజమాని దయామయుడు. మర్నాడే చెక్కలు పెట్టి మేకులు కొట్టించాడు. గెలిచామనుకుని ఆడవాళ్ళు సంబరపడ్డారు.

ఈ ఎండాకాలం పొగ ఊరి మీద మూతలా కూర్చుంది. వేడి పైకి పోలేదు, గాలి లోపలికి రాలేదు. నెత్తిన రేకులు, చేతిలో ఆవిరి ఇస్త్రీలు, చుట్టూ మేకులు. మధ్యాహ్నం పెద్దక్క ఆడపడుచు పక్క బల్ల దగ్గర నవ్వింది.

"వదినా, చెమట ఆగిపోయింది. ఇక నాకు సబ్బు ఖర్చు లేదు."

ఆ మాట అని చొక్కా మీదికే ఒరిగింది. గుమ్మం బయటికి మోసుకొచ్చేసరికి ప్రాణం లేదు.

యజమాని పరుగున వచ్చాడు. తిన్నగా ఆమె బల్ల దగ్గరికెళ్ళి ఇస్త్రీపెట్టె ఎత్తి చూశాడు. చొక్కా కాలలేదు. ఊపిరి పీల్చుకున్నాడు. సరుకు లారీకి అడ్డంగా ఉంది, శవాన్ని కాస్త పక్కకు జరపమన్నాడు.

ఎవరూ జరపలేదు. పెద్దక్క కిటికీలు తీయించమంది.

"మూయమని నా ప్రాణం తీసింది మీరే కదమ్మా. ఇవాళ తెరవమంటారు. మీ ఇష్టానికి ఊగడానికి నేనేమన్నా తలుపు గొళ్ళేన్నా?"

ఆడవాళ్ళ తలలు వంగాయి. అడిగింది తామే కదా. చొక్కాలు పాడవుతాయని ఒకామె గొణిగింది, పని పోతుందని ఇంకొకామె. గుండీలు కుట్టే ముసలమ్మ శవం ముఖం మీది ఈగను తోలుతూనే ఉంది.

"చొక్కా అయితే మళ్ళీ ఉతుకుతాం. దీన్ని ఉతికితే లేస్తుందా?" అంది.

అంతే, ఇస్త్రీపెట్టెలు లేచాయి. చెక్కలు పగిలాయి, మేకులు ఊడాయి. మసి తెల్ల చొక్కాల మీద రాలింది. ఒక్క చెయ్యి కూడా దులపలేదు. కిటికీ తెరిస్తే మసి, మూస్తే చావు. రెండూ ఒక్క పొయ్యిలోనే పుడుతున్నాయని పెద్దక్క గట్టిగా చెప్పింది. అందరూ వెళ్ళి బాయిలర్ ముందు బైఠాయించారు.

పోలీసులు లాఠీలతో వచ్చారు. ఆ మసి లారీలదని పోలీసులకు చెప్పమనీ, ఆడవాళ్ళను తప్పించి పొయ్యి ఎగదొయ్యమనీ యజమాని పెద్దక్క మొగుణ్ణి అదిలించాడు.

అతను ఆడవాళ్ళ వైపు చూశాడు. గుమ్మం దగ్గరున్న చెల్లెలి వైపు చూడలేకపోయాడు. పొయ్యిలో నిప్పంతా పారతో బయటికి లాగి, బకెట్టు నీళ్ళు కుమ్మరించి, వచ్చి పెళ్ళాం పక్కన కూర్చున్నాడు. మొదటి లాఠీ అతని భుజం మీదే పడింది. అయినా లేవలేదు.

"లారీలది కాదు, నా పొయ్యిదే," అన్నాడు అందరికీ వినపడేలా. "తెలిసే అబద్ధమాడాను. తప్పు చేశాను."