చెవి దగ్గర ఎండుమిరపకాయ

పాము విషాన్ని పట్టుకుని వదలని ప్రొటీన్లను కంప్యూటర్ చేత ఊహింపజేయడం నరసరావుపేటలో మా పని. కంప్యూటర్ పదివేల ప్రొటీన్ ఆకారాలు గీసి, ఒక్కోదానికీ మార్కులేసింది. ఎక్కువ మార్కులొచ్చిన ఇరవైని నేనే ఎంచి ల్యాబ్‌లో తయారు చేయించాను. ఒక్కటీ విషాన్ని పట్టుకోలేదు. ఒళ్లు మండిపోయింది.

ఆ కోపంలోనే చెన్నమ్మత్త గుర్తొచ్చింది. రొంపిచెర్లలో మా పక్కింటావిడ, వరసకు అత్త. మా మిరప కల్లంలో కాయలు ఏరేది. చిన్నప్పుడు నేను ఎర్రగా నిగనిగలాడేవన్నీ బస్తాలో వేస్తుంటే చేతి మీద ఒక్కటి వేసేది.

"రంగు చూసి మోసపోబాకే ఇందిరా. చెవి దగ్గర పెట్టి ఊపు. గింజ గలగలమంటేనే లోపల ఎండినట్టు. లేకపోతే బస్తా మొత్తం బూజు పట్టుద్ది."

ఆ ఘాటుకు తుమ్ముతూ, ఒక్కో కాయా ఊపుతూ ఎన్ని మధ్యాహ్నాలు గడిపామో! నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, అదే కల్లంలో టార్పాలిన్ ఎత్తబోతే పాము కాటేసి అత్త పోయింది.

మార్కులు పక్కన పెట్టేశాను. ఆకారాలన్నిటినీ కంప్యూటర్‌లోనే వేడిచేసి, కుదిపి చూశాను. చాలావరకు విడిపోయాయి. చెక్కుచెదరని ఆరింటిని మళ్లీ తయారు చేయించాం. ఈ ఉదయం వాటిలో ఒకటి విషాన్ని పట్టుకుంది.

ఆ ప్రొటీన్ ఉన్న ట్యూబును చెవి దగ్గర పెట్టుకుని ఊపాను.

"ఏంది మేడమ్, ఏమన్నా వినపడుద్దా?" అని నవ్వాడు నాతో పనిచేసే ధనుంజయరావు.

ఏమీ వినపడలేదు. అత్త ఉంటే "సరిగ్గా ఊపవే" అని చేతి మీద ఇంకోటి వేసేది.