మలుపులో లేని కెమెరా

మూడు నెలలుగా సారక్క ఫోనుకు ఒక్క చలాను కూడా రాలేదు.

చేపలు తోలే ట్రాలీ బండి ఆమె పేరున ఉంది. బొగ్గుబాయి నుంచి రిటైరైన ఏడాది భర్త సారంగపాణి ఆమె పేరునే కొన్నాడు. అందుకే కొడుకు వీరేందర్ వేగం దాటిన ప్రతిసారీ పోలీసుల మెసేజ్ ఆమెకు వచ్చేది. బండి ఫొటో, దాని కింద తేదీ, టైము, చోటు, వేగం. సారక్క బడికి పోలేదు. బస్సుల బోర్డులు చూసి చూసి అక్షరాలు నేర్చుకుంది. అంకెలైతే తడుముకోకుండా చదువుతుంది. అరవై దాటకూడని చోట ఎనభై ఏడు. ఇంకోసారి తొంభై ఒకటి. ఆ అంకె కనపడగానే టైము చూసుకునేది. ఎనిమిదీ నలభైకి కొడుకు ప్రాణాలతోనే ఉన్నాడు. ఎనిమిదీ నలభై ఒకటి సంగతి ఫొటోలో ఉండదు.

వీరేందర్ తెల్లవారగానే వైరా చెరువు దగ్గర చేపలు ఎక్కించుకుని, ఐసు కప్పి, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం చేరవేస్తాడు. ఐసు కరిగేలోపు చేరాలి. పాల్వంచ దాటాక అడవి మొదలవుతుంది. అందులో ఇప్పచెట్ల నడుమ ఒక మలుపు. ముప్పై ఏళ్లు బాయిలోకి దిగి రోజూ క్షేమంగా పైకొచ్చిన సారంగపాణిని, నాలుగేళ్ల కిందట పట్టపగలు ఆ మలుపులో ఒక కారు గుద్దేసింది.

కొడుక్కి బుద్ధి వచ్చిందనుకుంది సారక్క. సమ్మక్కకు బెల్లం మొక్కుకుంది. పక్క వీధిలో ఉండే లారీ డ్రైవరు రూప్‌సింగ్ టీ కొట్టు దగ్గర కనపడితే ఉండబట్టలేక చెప్పింది.

"నా కొడుకు మారిండు తమ్మీ. మూడు నెలలాయె, చలాను లేదు."

రూప్‌సింగ్ టీ ఒలకబోసుకునేంత నవ్వాడు. "నీ కొడుకు మారుడేందక్కా! అంతా మా పుణ్యమే. పోలీసు బండి ఏడ నిలవడ్డదో చూసినోడు ఎదురొచ్చేటోనికి రెండుసార్లు లైట్లు కొడ్తడు. ముందల కెమెరా ఉన్నదని. మీవోడు అది చూసి నలభైకి దిగుతడు. కెమెరా దాటిండంటే ఇగ వానికి రెక్కలే."

"కెమెరా దాటినంక ఏముందిరా?"

రూప్‌సింగ్ నవ్వు ఆగిపోయింది. కెమెరా దాటిన కిలోమీటరుకు ఇప్పల మలుపు.

మర్నాడు పొద్దున్నే సారక్క బస్సెక్కి అడవి మొదట్లో దిగింది. చెట్ల నీడన తెల్లటి పోలీసు బండి, దాని పక్కన మూడు కాళ్ల స్టాండు మీద స్పీడు గన్ను. దాని వెనుక కూర్చున్న కానిస్టేబులు పేరు చొక్కా మీద చదువుకుంది: జాషువా.

"సారూ, ఈ మిషిను ఆ మలుపుల పెట్టరాదా?"

"చలాను కట్టమని వచ్చేటోళ్లను చూడలే గానీ, కెమెరా పెట్టమని వచ్చినామెను నిన్నే చూసిన పెద్దమ్మా." అతను జరిగి ఆమెకు నీడలో చోటిచ్చాడు. "ఆడ పడదు. దీంట్లకెల్లి లేజర్ పోయి బండికి తగిలి మల్ల వెనక్కి రావాలె. బండి ఎంత జల్దీ దగ్గరైతున్నదో చూసి స్పీడు చెప్తది, ఫొటో గుంజుతది. దానికి రోడ్డు మూడొందల మీటర్లన్న సాఫుగ కనవడాలె. మలుపులో చెట్లే కనవడ్తయ్. చెట్లకు చలాను రాయాల్నా?"

సారక్క నవ్వలేదు. తన సంగతి చెప్పింది. అతను టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని విన్నాడు. తరువాత ఆమెను గన్నులోంచి చూడమన్నాడు. అంత దూరాన ఉన్న కారు కళ్ల ముందుకొచ్చి కూర్చున్నట్టు కనిపించింది. తొంభై నాలుగు. దానికి ఎదురు దిక్కున పోయే వ్యాను ఒకటి లైట్లు కొట్టింది. కారు వెనక వస్తున్న రెండు బండ్లు వెంటనే మెల్లబడ్డాయి. యాభై ఆరు. యాభై ఒకటి.

"చూసినవా? నేనీడ కూసున్నట్టు ఊరంతా దండోరా అయింది."

"మరి నువ్వు దేనికి కూసున్నవ్ బిడ్డా?"

"ఈ కిలోమీటరన్న మెల్లగ పోతరు గదా."

ఇంటికి వచ్చేదాకా ఆ మాటే ఆమె చెవుల్లో తిరిగింది. వాళ్లు మెల్లబడింది కెమెరాను చూసి కాదు, లైట్లను చూసి. సాయంత్రం రూప్‌సింగ్ ఇంటికి పోయింది. అతను జామాయిల్ కర్రను భద్రాచలం పక్కన సారపాక కాగితం మిల్లులో దించి, ఖాళీ లారీతో రోజూ ఆ మలుపు మీదుగానే తిరిగి వస్తాడు.

"నువ్వు మలుపు దాటంగనే ఎదురొచ్చేటోళ్లకు లైట్లు కొట్టు తమ్మీ."

"కెమెరా లేని కాడ కొట్టాల్నా? వద్దక్కా. దొంగ లైటు కొట్టినోన్ని డ్రైవర్లు ఏ దాబాకాడ కూసోనియ్యరు. ఒకలి మీద ఒకలం నమ్మకంతోని బతికేటోళ్లం."

"మీ బావ శవాన్ని ఏ బండ్ల తెచ్చినం?"

రూప్‌సింగ్ ముంగిట్లో నిలిపిన లారీ వైపు చూశాడు. తెచ్చింది అతని లారీలోనే.

అతను నాలుగు రోజులు కొట్టాడు. అయిదో రోజు నుంచి కొట్టే పని లేకపోయింది. అతన్ని నమ్మి ఇసుక లారీలు కొట్టాయి, వాటిని నమ్మి బస్సులు, కార్లు కొట్టాయి. మలుపులో కెమెరా పెట్టారని భద్రాచలం టీ కొట్లలో కూడా చెప్పుకుంటున్నారని అతనే వచ్చి చెప్పాడు. చెబుతున్నప్పుడు మాత్రం ఆమె మొహం చూడలేదు.

కళ్లారా చూడాలని పదకొండో రోజు సారక్క అక్కడికి పోయింది. ఇప్పపూలు రాలే కాలం. ఏరుకునే వాళ్లు పొద్దున్నే వచ్చి పోయారు. మలుపుకు ఇవతల చెట్టు మొదట్లో కూర్చుంది. నిజమే, అన్నీ మెల్లగా వస్తున్నాయి. డ్రైవర్లు మెడలు చాపి పొదల్లోకి చూస్తూ పోతున్నారు. ఎనిమిదీ యాభైకి తన ట్రాలీ వచ్చింది. అదీ మెల్లగానే. వీరేందర్ కూడా పొదల్లోకి చూస్తూ వచ్చాడు, తల్లి కనపడింది.

బండి పక్కకు ఆపి దూకాడు. "అమ్మా! ఏందే, ఈడేం చేస్తున్నవ్?" చుట్టూ చూశాడు. "పోలీసోళ్లేరి?"

"లేరు."

"మరి లైట్లు?"

ఆమె దాచలేదు. చెబుతుంటే అతని మొహం ఎర్రబడింది. "సిగ్గున్నదానే నీకు? రేపు నిజంగ కెమెరా ఉన్ననాడు ఎవడన్న నమ్ముతడా? రూప్‌సింగ్ మామ ఇజ్జత్ తీసినవ్. నా బేరం తీస్తున్నవ్. చూడు, నీళ్లు ఎట్ల కారుతున్నయో!" ట్రాలీ వెనకనుంచి ఐసు నీళ్లు రోడ్డు మీద పడుతున్నాయి.

"నాకు సిగ్గు లేదు బిడ్డా. ఆ రోజు మీ నాయిన గడపల నిలవడి 'పోయొస్త' అన్నడు. నేను బియ్యం ఏరుతున్న. తల ఎత్తలే. ఊఁ అన్న. ఏ చొక్కా తొడుక్కున్నడో దవాఖానల చూసిన." ఆమె గొంతు పెరగలేదు. "నువ్వు రోజూ పొద్దుగాల ఫోన్ల 'బైలెల్లిన' అంటవ్. నేను ఊఁ అంట. పెట్టేస్తవ్. మల్ల నువ్వు చేసేదాక ఆ ఊఁ నా గొంతులనే ఉంటది."

ఇప్పటివరకు ఆమె ఈ మాట ఎవరికీ చెప్పలేదు. వీరేందర్ ట్రాలీకి ఆనుకుని మలుపు వైపు చూశాడు. రెండు బస్సులు పోయాయి. భద్రాచలంలో చేపలు తీసుకునే గోపాలు ఫోను చేశాడు. అతని అరుపు సారక్కకూ వినపడింది.

"ఏడ సచ్చినవ్రా? గిరాకీ పోతున్నది!"

"లేటైతదన్నా. రేపటికెల్లి గూడ గంట లేటే."

"అట్లయితే నీ చేపలు నాకొద్దు. గంట ముందు తెచ్చేటోళ్లు మస్తుమందున్నరు."

వీరేందర్ కళ్లు మూసుకున్నాడు. "తీసుకోన్నా. వాళ్ల దగ్గరనే తీసుకో."

ఫోను జేబులో పెట్టుకుని, జారిన ఐసును చేపల మీదికి ఎగదోశాడు. గోపాలు ఏడాదిన్నరగా రోజూ కొనే మనిషి. ఈ రోజు సరుకు ఎవరికి వెయ్యాలో అతనికే తెలియదు.

"తప్పు చేసిన్నా బిడ్డా?" అంది సారక్క.

"చేసినవ్." అతను అవతలి తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కు. సారపాకల వీధి వీధి తిరిగి అమ్ముకోవాలె. కాంటా పట్టు నాతోని."

నాలుగేళ్లలో ఆమె ఈ మలుపు దాటలేదు. భద్రాచలం పోవాల్సి వస్తే ఏదో సాకు చెప్పి మానుకునేది. ఇప్పుడు ముందు సీట్లో రెండు చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకుని కళ్లు మూసుకుంది. బండి మెల్లగా ఒరిగి, మళ్లీ నిలువుగా అయింది. వెనక ఎవరో విసుగ్గా హారన్ కొడుతూనే ఉన్నారు.

"అమ్మా, దాటినమే," అన్నాడు వీరేందర్ ఆమె వైపు తిరిగి.

"ముందల ఇంకా మలుపులున్నయ్," అంది సారక్క కళ్లు తెరిచి. "నా మొహం తర్వాత చూద్దువు గానీ, రోడ్డు చూడు."