మంత్రిగారి హస్తవాసి

మా ఆసుపత్రికి డయాలసిస్ యంత్రాలు వచ్చాయి, బిగించారు, నీళ్ల పరీక్షలూ అయిపోయాయి. నడపడానికి మాత్రం వీల్లేదు. కేంద్ర ఆరోగ్యమంత్రిగారు వచ్చి మీట నొక్కాలి. ఆయన మా జిల్లా మనిషే. దసరాకు వస్తారన్నారు, రాలేదు. పార్లమెంటు సమావేశాలు ముగియగానే అన్నారు, అదీ లేదు. యంత్రాల మీద దుప్పట్లు తీసి, తుడిచి, మళ్లీ కప్పడం నా ఉద్యోగమైపోయింది. నేను డయాలసిస్ నర్సును. ఇంత చదువూ దుప్పట్లు కప్పడానికా అని రోజూ ఎవరో ఒకరితో గొడవ పడేదాన్ని. పేరు యామిని అయినా వెనకాల అందరూ నన్ను మిరపకాయ అనేవాళ్లు. అనుకోనీ.

ఆ యంత్రాల కోసం నాకన్నా ఎక్కువగా కాచుకున్న మనిషి నరసింహ. మా ఊరి నేతగాడు, రెండు కిడ్నీలూ పోయాయి. మంగళవారం, శుక్రవారం భార్య హనుమమ్మ అతన్ని బస్సులో కర్నూలు తీసుకుపోయి రక్తం శుద్ధి చేయించుకొచ్చేది. తిరుగు ప్రయాణంలో వాంతులు. బస్సు దిగి ఇంటికి పోతూ మా గది కిటికీలోంచి తొంగి చూసేది.

"ఇంకా తెరవలేదా తల్లీ?"

"మంత్రి రావల్లంట, అక్కా."

ఎట్టకేలకు ఒక శుక్రవారం ఖాయమైంది. మా సూపరింటెండెంటు సోమశేఖర్‌గారు భార్యాభర్తలను పిలిపించి, మొదటి రోగివి నువ్వేనయ్యా, ఆ రోజు కర్నూలు పోవద్దు, మంత్రిగారే స్వయంగా మొదలుపెడతారు అని చెప్పారు. నాకు ఒళ్లు మండింది. పొద్దున్నే ఎక్కించేద్దాం, వచ్చినప్పుడు ఆయన చూసి పోతారు అన్నాను. ఆయన వినలేదు సరే, హనుమమ్మ కూడా వినలేదు.

నేతవాళ్ల ఇళ్లలో మగ్గానికి కొత్త పడుగు ఎక్కించినప్పుడు మొదటి పోగు ఎవరంటే వాళ్లు వేయరు. మంచి చేయి ఉన్న మనిషిని పిలుచుకొచ్చి వేయిస్తారు. హనుమమ్మ లెక్కలో డయాలసిస్ కూడా అంతే.

"మొదటి పోగు పడిన చెయ్యిని బట్టే చీర వస్తాది తల్లీ. దేశమంతటి ఆరోగ్యం చూసుకునే చెయ్యి ఆయనది. మా ఆయనకు ఆ చెయ్యే పడల్ల" అంది. ఆమెతో వాదించి గెలవడం నా వల్ల కాలేదు.

శుక్రవారం వచ్చింది. ఆవరణలో షామియానా వేశారు, గుమ్మానికి రిబ్బను కట్టారు. నరసింహ కొత్త పంచె కట్టుకుని, నుదుట బొట్టుతో, పెళ్లికొడుకులా వచ్చి మంచం మీద కూర్చున్నాడు. మంత్రిగారు పొద్దున రావాలి. మహానందిలో దర్శనానికి ఆగారన్నారు. తర్వాత ఆత్మకూరులో ఎవరింట్లోనో భోజనమన్నారు. ఎప్పుడు ఫోను చేసినా బయలుదేరారనే మాటే.

మధ్యాహ్నం దాటేసరికి నరసింహ పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరాడటం లేదు. కాళ్లు ఉబ్బిపోయాయి, మొహం పాలిపోయింది. నాకు భయమేసింది. సోమశేఖర్‌గారు పూలగుత్తి పట్టుకుని ఊరి చివర నిలబడ్డారు, ఫోను ఎత్తలేదు. కర్నూలులో అతన్ని చూసే కిడ్నీ డాక్టరుకు చేశాను. ఇంకా ఏం చూస్తున్నావమ్మా, వెంటనే ఎక్కించు అని కసిరాడు.

గుమ్మానికి కట్టిన రిబ్బను పక్కకు తోసి సూదుల ట్రే తెచ్చుకుని మంచం పక్కన కూర్చున్నాను. హనుమమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది.

"ఇన్నాళ్లు ఆగినాము గదా. ఇంకొంచేపు ఆగు తల్లీ, నీకు పుణ్యముంటాది."

"ఆయనొచ్చేసరికి నీ మొగుడు ఉండల్ల గదక్కా!"

అలా అనకూడదు. అయినా అనేశాను. ఆమె ఏడ్చింది కానీ చేయి వదల్లేదు.

"ఇంక ఈయన బతుకంతా ఈ మిషను మీదనే గదమ్మా. మొదలే తప్పు పడితే ఎట్ల?"

అప్పుడు నరసింహ ఎడమ చేయి చాపి నా ఒళ్లో పెట్టాడు. మాట్లాడటానికి ఊపిరి చాలడం లేదు. "ఇది మగ్గం కాదే" అన్నాడు భార్యతో. కాసేపు ఆయాసపడి, "నువ్వు కానీమ్మా" అన్నాడు నాతో.

హనుమమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. నేను సూదులు పెట్టి యంత్రం మొదలుపెట్టాను. రక్తం గొట్టాల్లోకి ఎక్కింది. చాలాసేపటికి అతని ఊపిరి కాస్త కుదుటపడింది.

మంత్రిగారు పొద్దు గుంకే వేళకు వచ్చారు. ఆయనకన్నా ముందు సోమశేఖర్‌గారు పరుగెత్తుకొచ్చి, నడుస్తున్న యంత్రాన్ని చూసి నిలువునా నీరుకారిపోయారు.

"ఎవరు చెప్పినారు నీకు? ఆపు. కాసేపు ఆపు, సారు నొక్కినాక మళ్లీ పెడుదువులే."

"నేను ఆపను సార్. ఆపల్లంటే మీరే ఆపుకోండి."

ఈలోగా మంత్రిగారు గుమ్మంలోకి రానే వచ్చారు. మెడలో దండ, మొహం నిండా అలసట. మా మాటలు విన్నారో లేదో తెలియదు. నేరుగా మంచం దగ్గరికి వచ్చి, "ఏమప్పా, ఎట్లుండావు?" అన్నారు.

"ఇప్పుడు బాగుండాను సార్" అన్నాడు నరసింహ. అతను వట్టి అమాయకుడు, ఎగతాళి చేయడం చేతకాదు. "మీరు ఇంకొంచెం ఆలస్యంగా వచ్చింటే నా పని పూర్తిగా అయిపోయిండేది. ఇప్పుడు మీకోసం ఆపుతామంటాండారు."

మంత్రిగారు సోమశేఖర్‌గారి వైపు చూశారు, మా వార్డు గోడకు ఆనించి పెట్టిన శిలాఫలకం వైపు చూశారు. తర్వాత తన కార్యదర్శిని పిలిచారు.

"నాకోసం ఇట్ల ఇంకా యాడ యాడ ఆపి పెట్టినారు?"

కార్యదర్శి ఫోనులో చూసి ఊళ్ల పేర్లు చదవసాగాడు. మన రాష్ట్రంవే కాదు, నేను వినని ఊళ్లూ ఉన్నాయి. మంత్రిగారు పక్కనున్న ఖాళీ మంచం మీద కూర్చున్నారు.

"చాల్లే. అన్నీ ఈరోజే నడపమని చెప్పు."

"సార్, ఫలకాలు చెక్కించేశారు. తేదీ ఒక్కటే ఖాళీ."

"పేరుండాది కదప్పా. ఇంక నేనెందుకు?"

కార్యదర్శి ఫోను పట్టుకుని బయటికి పోయాడు. నిజంగా అందరికీ చేశాడో లేదో నాకు తెలియదు. హనుమమ్మ అప్పటిదాకా ఒక మూల నిలబడి ఉంది. ముందుకొచ్చి మంత్రిగారికి దండం పెట్టింది.

"తప్పయింది సామీ. నీ చెయ్యి పడకముందే మొదలుపెట్టినారు. ఇప్పుడన్నా దాని మీద ఒకసారి చెయ్యి పెట్టు. నీ హస్తవాసి మంచిది."

మంత్రిగారు యంత్రం దాకా చేయి చాపారు, ఆపుకున్నారు.

"నాది మంచి చెయ్యే అయితే, ఇవి ఇన్నాళ్లు దుప్పట్లు కప్పుకుని ఉంటాయా అమ్మా?" అన్నారు.

ఆయన లేచి షామియానా వైపు వెళ్లిపోయినా హనుమమ్మ చాలాసేపు అక్కడే నిలబడింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, మంగళవారం ఎన్ని గంటలకు రావాలని అడిగింది.