శనగ మంచు చారు

చలికాలం వచ్చిందంటే సంజీవయ్య పొద్దుగూకే ముందు శనగచేనికి పోయి, భార్య మేరీ పాత తెల్లచీరను మొక్కల మీద పరిచి వస్తాడు. రాత్రంతా కురిసిన మంచుతో ఆకుల మీది పులుపంతా చీరకు ఎక్కుతుంది. తెల్లవారి దాన్ని సీసాలోకి పిండుకుని ఇంటికి తెస్తాడు. గోస్పాడు చుట్టూ నల్లరేగడి చేలున్న వాళ్లు చాలామంది చేసే పనే అది. ఆ పులుసుతో చారు కూడా అందరూ కాస్తారు. కానీ సంజీవయ్య ఇంటి చారు వేరు. జ్వరం పడి లేచినవాళ్లు, చావింటి నుంచి వచ్చి ముద్ద మింగుడు పడనివాళ్లు గిన్నె పట్టుకుని ఆ ఇంటికే వచ్చేవాళ్లు.

ఆ చారు ఎప్పుడూ ఒక్క చేతిలోనే ఉంటుంది. ఇవ్వదలచిన ఆమె తన చేతిని ఇంకొకరి చేతి మీద పెట్టి ఒకసారి చారు కాయిస్తుంది. అంతే, అది ఆ చేతిలోకి పోతుంది. ఇచ్చినామె అదే చట్టిలో అవే మిరపకాయలు, అదే తెల్లగడ్డ వేసి కాచినా వేడినీళ్లే. సంజీవయ్య తల్లి అలాగే మేరీకి ఇచ్చి, ఆ మరునాటి నుంచి కోడలు పోసిన చారే తాగింది.

మేరీ దాన్ని కూతురు సుష్మకు ఇవ్వాలనుకుంది. అప్పటికే సుష్మ నాయన మాట కాదని, ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే సాయిని పెండ్లి చేసుకుని పోయింది.

"నా మాట కాదని పోయినదానికి చారెందుకు? నేను బతికుండంగా ఇచ్చేది లేదు," అన్నాడు సంజీవయ్య. మేరీ మళ్లీ అడగలేదు.

పోయిన చలికాలం చారు చప్పబడింది.

"ఏందే ఇది, కుడితి మాదిరుంది. నీ చెయ్యి సచ్చిందా?"

"వయసయిపాయె గదా," అనింది మేరీ.

ప్రతి పొద్దూ ఆయన ఒక మాట అనేవాడు, గిన్నె పక్కకు తోసేవాడు. ఆమె ఆ గిన్నె తీసుకుని పొయ్యి దగ్గర కూర్చుని తానే తాగేది. ఎండలు ముదరకముందే మేరీ చనిపోయింది.

ఈ ఏడు చారు సంజీవయ్యే కాసుకున్నాడు. పక్కింట్లో ఉండే అక్క కృపమ్మ వచ్చి చట్టి మీది మూత తీసింది.

"ఇదా నువ్వు తాగేది? బర్రె గూడా ముట్టదు."

"ఆ చారు మేరీతోనే పాయెక్కా."

"యాడికీ పోలేదు. మొన్న ఆళ్లగడ్డలో తాగొచ్చినా. సుష్మ చేతిలో ఉంది." తమ్ముడి మొహం చూసి ఆమె గొంతు తగ్గించింది. "మేరీకిచ్చినాక మన అమ్మ చారు చప్పబడింది చూసినోడివే గదరా. నీకు తెలీలేదా?"

చూశాడు. అయినా తట్టలేదు. తాను వద్దన్న పని మేరీ చేస్తుందన్న తలపే ఆయనకు ఏనాడూ రాలేదు. తోసేసిన గిన్నెలు ఒకదాని వెంట ఒకటి కళ్ల ముందుకొచ్చాయి.

మరునాడు సీసాను తువ్వాలలో చుట్టుకుని, నంద్యాలలో బస్సు మారి ఆళ్లగడ్డ చేరాడు. ఇంటి ముందర సాయి ఉలి ఆపి లేచి నిలబడ్డాడు. సుష్మ గడపలోకి వచ్చింది.

"ఏం నాయనా, దోవ తప్పినావా?"

"మంచు తెచ్చినా."

సుష్మ సీసా అందుకుని వెలుతురుకు పెట్టి చూసింది. "అమ్మ గూడా కృపమ్మత్త చేతికిచ్చి పంపుతాండె. నువ్వు పిండిందే."

చారు మరిగింది. గిన్నెలో పోసి ముందర పెట్టింది. సంజీవయ్య ఒక గుటక తాగి గిన్నె కింద పెట్టాడు.

"ఎప్పుడిచ్చింది?"

"పోయిన క్రిస్మస్‌కు ముందర. నంద్యాల ఆస్పత్రికని నీకు చెప్పి ఈడికొచ్చింది. చెయ్యి మీద చెయ్యి పెట్టి కాయించి, 'ఇంక మీ నాయన దినామూ తిడతాడు లే' అని నవ్వింది."

"తిట్టినా."

"తెలుసు. నీ నోరు నాకు తెలీదా."

మనవరాలు జెస్సికా గోడకానుకుని తన గిన్నె అడుగు నాకుతోంది. సుష్మ చట్టి ముందర కూర్చుని చెయ్యి చాపింది.

"ఒంటిగా ఉండావు. చెయ్యి ఇట్ల తే నాయనా, నీకిచ్చేస్తా. పొద్దున్నే కాసుకుందువు."

సంజీవయ్య రెండు చేతులూ తువ్వాల కిందికి లాక్కున్నాడు.

"వద్దు. పాప పెద్దదైనాక దానికియ్యి."

"మరి నువ్వేం తాగుతావు?"

"నువ్వు పోసింది."

ఆ సాయంత్రం ఊరికి తిరిగొచ్చి చేనిలో మేరీ చీర పరుస్తూ, ఒక అంచు చేతిలోనే పట్టుకుని చీకటి పడేదాకా నిలబడ్డాడు. తెల్లవారి మొదటి బస్సులో కండక్టరు సీసా వైపు చూశాడు.

"ఏందప్పా అది?"

"శనగ మంచు," అన్నాడు సంజీవయ్య. "మా ఇంట్లో ఆమె పంపింది, కూతురికి."