గడపకు బయట

1954వ సంవత్సరం, తమిళుల ఆని నెల చివరి రోజు, ఉదయం. కోయంబత్తూరులో, సింగానల్లూరు చెరువుగట్టు కింద ఉన్న మూడు గదుల వరస ముందు ముగ్గురున్నారు: ఇంటి యజమానురాలు రంగమ్మాళ్, మొదటి గదిలో అద్దెకుంటున్న మాయాండి, పక్క గదిలోని గోవిందన్.

మాయాండి పళ్లు తోముకుంటూ, దగ్గు వినిపించకుండా మాటిమాటికీ పుక్కిలిస్తున్నాడు. మిల్లులో పత్తి బేళ్లు విప్పి దులిపే బ్లోరూములో అతని పని. కనుబొమ్మల మీది పత్తి నూగు ఎంత కడిగినా పోదు. భుజాలు చెవులదాకా లేస్తేగాని ఊపిరి లోపలికి దిగదు.

“రేపు ఆడి నెల పుడతాది మాయాండీ,” అన్నది రంగమ్మాళ్. “ఆడిలో ఎవురూ ఇల్లు మారరు. నేనూ పొమ్మని చెప్పలేను. ఈ దినమే వేరే గది చూసుకో.”

“నాకేమయిందమ్మా? ఉత్త చలి దగ్గు.”

“పొన్ను కూడా ఇట్లానే చెప్పె.”

పొన్ను అతని భార్య. ఈ గదిలోనే పోయింది. ఆమె పోయిన నక్షత్రం మంచిది కాదని, ఆచారం ప్రకారం ఆరు నెలలు గది మూసివేశారు. అన్నాళ్లూ మాయాండి చెరువుగట్టు మీది పాకలో పడుకున్నాడు. తలుపు తెరిచినప్పుడు ఆ గదిని అడిగినవాడు అతనొక్కడే. మళ్లీ చావు జరిగితే ఆ గదికి ఎవరూ రారని రంగమ్మాళ్ భయం. ఆ గదులే ఆమె కూడు. మాయాండి కోరిక అంతకన్నా చిన్నది. పొన్ను కన్నుమూసిన చోటే తానూ కన్నుమూయాలి. అది అతడెవరికీ చెప్పలేదు.

షిఫ్టు దిగి, గట్టు అవతలి వీధికి వెళ్లాడు. పాలక్కాడు కనుమ గాలి చెరువు నీటిని ఒక పక్కకు నెడుతున్నది. ఖాళీ గది ఉన్న ఇంటి ముందు వీరాయి అనే ఆవిడ బియ్యం ఏరుతున్నది.

“మిల్లులో ఏ డిపార్టుమెంటన్నా?”

“స్పిన్నింగు.”

ఆమె అతని కనుబొమ్మలు చూసింది. “గదికి ముందే మాట ఇచ్చేస్తిమి,” అని మళ్లీ చేటలోకి వంగింది.

మాయాండి ఇంకో తలుపు తట్టలేదు. తిరిగి వస్తుంటే, సిగ్గుపడవలసినంత నెమ్మది కలిగింది అతనికి.

సాయంత్రానికి అతని నులకమంచం వాకిట్లో ఉంది, గడపను ఆనుకొని.

“వంట లోపల చేసుకో. సామాను లోపలుండనీ,” అన్నది రంగమ్మాళ్. “పడక మట్టుకు బయట.”

ఆమె చెప్పగా గోవిందన్ కాగితం రాశాడు: పడక బయటే, ఏది జరిగినా బయటే, ఇందుకు నేను సమ్మతించాను.

“ఈ కాగితం యముడికి చూపించేదెవురమ్మా? నువ్వా, నేనా?” అన్నాడు మాయాండి.

ఆమె నవ్వలేదు. మాయాండి తమిళ అక్షరాల్లో మెల్లగా సంతకం చేశాడు. గోవిందన్ మాత్రం కలం కింద పెట్టేశాడు.

“సాక్షి నేను పెట్టనక్కా. అన్న పొయ్యేదానికి నేనెట్ల సాక్షి?”

“పొయ్యేదానికి కాదురా. పడుకొనేదానికి.”

అతడు తలెత్తలేదు. రంగమ్మాళ్ కాగితాన్ని అట్లాగే తీసుకుపోయింది. మాయాండి రాగి సంగటి తిని, గిన్నె కడిగి బోర్లించి, గది మధ్యలో కొంతసేపు నిలబడి, బయటికి వచ్చి పడుకున్నాడు.

తెల్లవారి, షిఫ్టుకు పిలిచే మిల్లు సంగు ఊదింది. దగ్గు వినిపించలేదు. వినిపించలేదని మొదట తెలుసుకున్నది రంగమ్మాళే. ఆమె వచ్చేసరికి గోవిందన్ మంచం పక్క నిలబడి ఉన్నాడు.

మాయాండి ఒళ్లంతా బయటే ఉంది. కుడిచెయ్యి ఒక్కటే మంచం మీంచి జారి, గడప దాటి, లోపలి నేల మీద వెల్లకిలా ఉంది.

రంగమ్మాళ్ ఆ చేతిని చూసింది. గోవిందన్ను చూసింది. వంగి, నిద్రపోయే బిడ్డది ఎత్తినట్టు దాన్ని ఎత్తి, అతని రొమ్ము మీద పెట్టింది.

“నువ్వు చూస్తివి గదా గోవిందా. బయటే.”

గోవిందన్ తన గది వైపు చూశాడు. అక్కడ అతని పిల్లలు నిద్ర లేస్తున్నారు. అదీ ఆమె గదే.

“బయటే అక్కా,” అన్నాడు.

కాగితాన్ని గోడకు ఆనించి సాక్షి సంతకం పెట్టాడు. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి, నడుముకున్న వక్కల సంచిలో దోపి, తాడు బిగించింది.

రెండో సంగు ఊదింది. గడపకు లోపల, చెయ్యి ఉన్న చోట, మిల్లు గేటులో రోజూ చూపవలసిన అతని ఇత్తడి టోకెను పడి ఉంది.