కుడివైపున సముద్రం

మా ఇంట్లో సముద్రం కథ చెప్పుకోవడానికి ఒక పద్ధతి ఉంది. అన్నాలు తింటుండగా ఎవరో ఒకరు "ఆ రోజు సముద్రం దగ్గర..." అని అందుకుంటారు. అలకు నా చెప్పు కొట్టుకుపోయిన భాగం నాది. సంచిలోకి పీత దూరిన భాగం మా అమ్మాయిది. మిగిలిన ముప్పాతిక వంతూ మా ఆయనది. ఆయన కారు నడపడం నేర్పుతారు. నేర్చుకునేవాళ్లకి కాళ్లు వణక్కుండా బండిలో కూడా ఈ కథే చెబుతుంటారట. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఆరేళ్లలో ఆ కథ గోరంత నుంచి కొండంత అయింది.

నేను కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాను. జోడు ముక్కు మీద సరిగ్గా కూర్చుందో లేదో చూసి, చిన్న చిన్న మరలు బిగించి ఇవ్వడం నా పని. కోపం కూడా నా ముక్కు మీదే ఉంటుందని ఇంట్లోవాళ్లు అంటారు. ఉంటే ఉంది, నా ముక్కు నా ఇష్టం.

పదేళ్ల మా అమ్మాయి ప్రతిదానికీ వాదిస్తుంది, అందుకని దాన్ని లాయరమ్మ అంటాం. దాని తమ్ముడు పిడుగు. వాడికిప్పుడు ఏడో ఏడు. ఆ ప్రయాణం నాటికి వాడు ఎనిమిది నెలల పసివాడు కాబట్టి కథలో వాడికి వంతు లేదు. అది లాయరమ్మ పెట్టిన చట్టం. చూసినవాళ్లు చెప్పాలి, చూడనివాళ్లు వినాలి. పిడుగు పాపం నోరు తెరుచుకుని వినేవాడు.

మొన్న బడిలో టీచరు పిల్లల్ని మీరు వెళ్లిన ఊళ్ల గురించి చెప్పమన్నారట. మావాడు లేచి చెప్పూ, పీతా, నాన్న భుజాల మీద నుంచి అక్క నీళ్లలో పడటం, మామయ్య ఫోను అలల్లో పోవడం, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేశాడట. ఆ కబురు మా లాయరమ్మ చెవిన పడింది. రాత్రి కంచాల దగ్గర విచారణ మొదలుపెట్టింది.

"నువ్వు చూశావా?"

"చూశా. నేను కూడా వచ్చా కదా."

"వచ్చావు. వచ్చి నిద్రపోయావు. నీకేం గుర్తుందో చెప్పు చూద్దాం."

పిడుగు చేతిలో ముద్ద కంచంలో పడేశాడు. "ఏమీ గుర్తులేకపోతే నన్నెందుకు తీసుకెళ్లారు? అందరికీ ఉంది. నాకొక్కడికే లేదు" అని ఏడుపు అందుకున్నాడు.  లాయరమ్మ నెత్తిన ఒక్క మొట్టికాయ వేశాను.

అప్పటిదాకా తలొంచుకుని తింటున్న మా ఆయన, "మళ్లీ వెళ్దాంరా. ఈసారి నీ కోసమే" అన్నారు. ఏది అడిగినా చూద్దాంలే అనే మనిషి, మర్నాడు పొద్దున్నే సెలవు పెట్టేసి వచ్చారు. నేను నోరెళ్లబెట్టాను.

రైలెక్కగానే పిడుగు ఒక షరతు పెట్టాడు. ఎవరూ "పోయినసారి" అనకూడదు. ఒప్పుకున్నాం. ఒప్పుకున్నాక తెలిసింది, ఆ మాట లేకుండా మాకు నోరు పెగలదని. నేను కిటికీలోంచి చూసి "పోయినసారి ఈ వంతెన..." అన్నాను. వాడు రెండు చెవులూ మూసుకున్నాడు. లాయరమ్మ "పోయి..." అని నాలిక కరుచుకుంది. విచిత్రం, మా ఆయన ఒక్కసారి కూడా తప్పలేదు. షరతంటే షరతే అనే మనిషి కాబోలు అని మురిసిపోయాను.

పాత లాడ్జీలోనే దిగాం. అప్పటి గదే దొరికింది. కిటికీ తీస్తే ఇంకా అదే గోడౌను గోడ. పొద్దున్నే టిఫిన్ తినేసి, తువ్వాళ్లు భుజాన వేసుకుని బయల్దేరాం. మా ఆయన మెట్లు దిగి కుడివైపు తిరిగారు. ఆరేళ్లుగా కథలో అది కుడివైపే. లాడ్జీ మెట్లు దిగి కుడివైపు తిరిగితే, నాలుగు అడుగుల్లో సముద్రం. మేం వెనకే నడిచాం.

నాలుగు వందల అడుగులు నడిచాం. తలుపులమ్మే దుకాణం వచ్చింది. సైకిళ్లు బాగుచేసేచోటు వచ్చింది. ఎండ నెత్తికెక్కుతోంది. "ఎవరినైనా అడుగుదాం నాన్నా" అంది లాయరమ్మ. "అడగడానికేముందే? మీ నాన్నకి తెలిసినంతగా ఆ దారి దేవుడికైనా తెలుసా?" అని నేను కసురుకున్నాను. నాకా, దిక్కులు తెలియవు. రెండు సందులు తిరిగితే మా ఇల్లే నాకు కొత్తగా ఉంటుంది. చివరికి దారి ఒక ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయింది.

"సముద్రమా?" అన్నాడు గేటు దగ్గరి కాపలాదారు. "దానికి వీపు పెట్టి నడుచుకుంటూ వచ్చారు. వెనక్కి వెళ్లండి. లాడ్జీ నుంచి ఎడమవైపు."

లాయరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నాన్నా, నువ్వు ఒకసారి చూసిన దారి మర్చిపోవు. కారు నేర్పించేటప్పుడు మ్యాపు కూడా చూడవు. మరి ఇదెలా తప్పింది?"

ఆయన తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నారు. తుడిచిందే తుడిచారు. తర్వాత నెమ్మదిగా, "నేను సముద్రం దగ్గరికి రాలేదమ్మా" అన్నారు.

"ఎప్పుడు?"

"ఎప్పుడూ. పోయినసారి మూడు రోజులూ గదిలోనే ఉన్నా. వీడికి చెవి పోటు. నా భుజం మీద అయితేనే పడుకునేవాడు. మీ అమ్మ పాలిచ్చి వెళ్లేది, మళ్లీ పాలవేళకి వచ్చేసేది. మీ ముగ్గురే వెళ్లారు. అమ్మ, నువ్వు, మామయ్య."

"మరి నన్ను భుజాల మీద ఎక్కించుకున్నది?"

"మామయ్య."

లాయరమ్మ నడుం మీది చేతులు దించేసింది. పుట్టిన పదేళ్లలో అదే మొదటిసారి. నాకైతే తల కొట్టేసినట్టయింది. అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. నేను తలుపు తీసేసరికి పసివాణ్ణి భుజాన వేసుకుని ఆ మూల నుంచి ఈ మూలకి నడుస్తూ, వేలు పెదవుల మీద పెట్టుకుని నన్ను ఉష్ అన్న మనిషి. తిరుగు రైల్లో నేను కథంతా చెబుతుంటే ప్రతిదీ రెండేసిసార్లు అడిగి చెప్పించుకున్న మనిషి. ఆ కథలో ఆయన్ని నిలబెట్టింది ఆయనొక్కరే కాదు, నేను కూడా తలాడిస్తూ నిలబెట్టాను. అలా ఆరేళ్లు తలాడించి, నిజంగానే ఆయన పక్కనున్నారని నమ్మేశాను. మా తమ్ముడు వచ్చినప్పుడల్లా ఆ కథ విని ముసిముసిగా ఎందుకు నవ్వేవాడో ఇప్పుడర్థమైంది. నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

"చెప్పొచ్చు కదండీ" అన్నాను. 

"ఎలా చెప్పను? వీడి వల్ల చూడలేదని వీడి ముందే అనాలా? పైగా మీరంతా అంత బాగా నవ్వుతుంటే నాకూ అందులో ఉండాలనిపించేది."

నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆరేళ్లు ఆ ఒక్క మాట దాచారు. నేనింకా ఆ సంగతే ఆలోచిస్తుంటే పిడుగు ఆయన లుంగీ అంచు పట్టుకుని లాగాడు. 

"నా వల్ల నువ్వు చూడలేదా?"

ఆయన అక్కడే, ఐసు ఫ్యాక్టరీ గేటు ముందు తడి నేల మీద గొంతుకూర్చున్నారు. "నీ వల్ల కాదురా, నీతో ఉండి చూడలేదు. మనిద్దరం గదిలో ఏం చేశామో తెలుసా?"

"ఏం చేశాం?"

"కారు నడిపాం. నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, నీ చేతికి స్టీలు కంచం ఇచ్చా. అదే స్టీరింగు. నేను నోటితో హారన్ కొడితే ఏడుపు ఆపేసేవాడివి. ఆపితే మళ్లీ మొదలు. మంచం మీద నుంచి తలుపుదాకా, తలుపు నుంచి కిటికీదాకా. మూడు రోజులు, రాత్రీ పగలూ. మూడో రోజు నువ్వే కంచం తిప్పి పెద్దగా నవ్వావు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో అంత చిన్నవాడు ఇంకెవడూ లేడు."

"అక్క లేదా అప్పుడు?"

"లేదు."

"అమ్మ?"

"అమ్మా లేదు. మనిద్దరమే."

పిడుగు ముఖం చేటంత అయింది. నా వైపూ, లాయరమ్మ వైపూ చూసిన ఆ చూపులో ఎంత గర్వమో చెప్పలేను. ఆ తర్వాత వాణ్ణి ఆపడం మా తరం కాలేదు. వెనక్కి నడిచిన దారి పొడవునా అడిగిందే అడిగాడు. కంచం ఎంతుంది, హారన్ ఎలా కొట్టావు, గేరు ఎక్కడుంది. ఆయన సైకిళ్లు బాగుచేసేచోట ఆగి హారన్ కొట్టి చూపించారు. అక్కడున్నవాళ్లు తలలెత్తి చూశారు.

లాడ్జీ దాటి ఎడమవైపు పది నిమిషాలు నడిస్తే సముద్రం. అలల చప్పుడు వినగానే లాయరమ్మ పరుగెత్తబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఏంటమ్మా?"

"ఉండవే. ముందు వాళ్లిద్దరినీ వెళ్లనీ."

అది నా ముఖంలోకి చూసి, ఒక్క వాదన కూడా చేయకుండా పక్కన కూలబడింది. చెప్పులూ సంచులూ మా ముందు పెట్టుకుని చూస్తూ కూర్చున్నాం. అంత ఎత్తు మనిషి ఆ బుడతడి చెయ్యి పట్టుకుని ఒక్కో అడుగే వేస్తున్నారు. నీళ్లు పాదాలకి తగలగానే ఇద్దరూ ఒకేసారి వెనక్కి గెంతారు. మళ్లీ వెళ్లారు. మోకాళ్లదాకా వచ్చేసరికి ఒక అల లేచి ఇద్దరినీ పడదోసింది. ఒకరినొకరు పట్టుకుని లేచి, చాలాసేపు అక్కడే నిలబడ్డారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు కూడా.

తడిసి ముద్దయి వచ్చి నా ముందు నిలబడ్డారు మా ఆయన. ఆరేళ్లుగా ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పారో ఆ మాట, ఇప్పుడు కొత్తగా కనిపెట్టినట్టు, "నిజంగానే ఉప్పగా ఉందోయ్" అన్నారు.

ఏదో ఒకటి అనడానికి నా నోరు లేచింది. ఆపుకున్నాను. పక్కన ఇసుక చదును చేసి చోటు చూపించాను.

"అవునా? కూర్చోండి. మొదటి నుంచీ చెప్పండి, వింటాను."

ఆయన నోరు తెరిచేలోపు పిడుగు మా ఇద్దరి మధ్యా దూరి, తడి చేత్తో నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు.

"నేను చెప్తా అమ్మా. అల వచ్చినప్పుడు నాన్న కళ్లు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు."