అవోసె ఇంటికి వెళ్ళిపోయిన దీపం

కోడి రెండోసారి కూయగానే ఎలిపీనా లేచి, ముఖం కడుక్కుని, నిలబడే చిన్న ప్రార్థన చేసుకుని, ఆవు దగ్గరికి పోతుంది. ఆవునీ దాని పెయ్యనీ కట్టేసే పాక ఇంటి గోడకు ఆనుకునే ఉంటుంది. కిలిమంజారో కొండవాలులో ఎవరి ఆవూ మేతకు బయటికి పోదు. మేతే దాని దగ్గరికి రావాలి, అదీ ఆడవాళ్ళ నెత్తి మీద. పాలు పితకడం అయ్యాక రెండు దోసిళ్ళ పచ్చిపేడ తీసుకుని, పాక వెనక వరసగా పెట్టిన ఐదు బకెట్ల దగ్గర కూర్చుంటుంది. ఒక్కో బకెట్ అడుగున బొగ్గు పట్టించిన గుడ్డ, పైన ఇనుప వల, నడుమ అరటితోట మట్టి. వల ఎత్తి, ఇంత పేడ, ఇన్ని నీళ్ళు కలిపి, మళ్ళీ వల మూసి, తీగలు ఊడాయేమో చూసుకుని లేస్తుంది.

మట్టిలో కంటికి ఆనని జీవాలుంటాయనీ, అవి పేడ తిని కరెంటు వదులుతాయనీ ఆరేళ్ళ కిందట చర్చి పెద్దలు పంపిన టీచరమ్మ ఊరూరా తిరిగి నేర్పింది. ఆ జీవాల పేరు ఎవరికీ నోరు తిరగలేదు. ఎలిపీనా "వాళ్ళు" అంటుంది. "వాళ్ళకి పెట్టాకే మనకి" అని మొగుడితో చెప్పి, ఆ తర్వాతే పొయ్యి మీద అరటికాయల కుండ పెడుతుంది.

ఐదు బకెట్లూ కలిస్తే ఒక బల్బు. ఆ బల్బు కింద, పొద్దుగూకింది మొదలు కళ్ళు లాగేదాకా, చర్చిలో పాడేవాళ్ళకి అంగీలు కుడుతుంది. పంటల పండగకి పద్నాలుగు ఒప్పుకుంది. ఆరు అయ్యాయి. పగలు కుడదామంటే ఆవు ఊరుకోదు, అడుగు దూరం పోతే అరుస్తుంది.

వాళ్ళతో ఒకటే చిక్కు. ఆవు ఎవరి గడ్డి తింటే వెలుగు వాళ్ళింటికి పోతుంది. కొన్న గడ్డయినా, అడిగి కోసినదయినా పేచీ లేదు. చెప్పకుండా కోస్తే మాత్రం, బకెట్లు నీ ఇంట, వెలుగు వాళ్ళ ఇంట. పోయినేడు షిరిమాగారి కోడలి బల్బు ఆరిపోయి, బైబిలు చదివి వినిపించే ముసలాయన వంటింట్లో నిమ్మకాయంత వెలుగు దూలం కింద నిలబడింది. ఆ పిల్ల మాట్లాడకుండా ఒక మోపు గడ్డి పట్టుకుపోయి ఆయన గుమ్మంలో వేసి వచ్చింది. మర్నాటికి వెలుగు వెనక్కి వచ్చేసింది. దాని గురించి ఎవరూ నోరెత్తలేదు. ఎవరి మేక ఎవరి దొడ్లో దూరినా అంతే కదా, తోలుకుపోతారు.

మంగళవారం సాయంత్రం ఎలిపీనా బల్బు వెలగలేదు.

ఆమె తీగలు చూసింది, వలలు చూసింది, బకెట్లలో వేలు ముంచి తడి చూసింది. ఇంతలో వరండాలోంచి మొగుడు ఎలియాకుందా, చేతిలో అరటి కల్లు సొరబుర్రతో, "అదిగోనే, అక్కడుంది" అన్నాడు.

సరిహద్దుకి నాటిన ఇసాలె మొక్కల వరస అవతల, అవోసె గుడిసె కిటికీలో వెలుగు కనపడింది.

అవోసె ఎలిపీనాకి తోడికోడలు. ఆమె మొగుడు, అంటే ఎలియాకుందా తమ్ముడు, పోయి మూడేళ్ళయింది. ఆమెకి పిల్లల్లేరు, ఆవు లేదు, బకెట్లూ లేవు. ఉన్న నేలచెక్కలో నాలుగు అరటి బోదెలు, ముసలి కాఫీ చెట్లు. అంత ఇరుకు నేలలో ఆవుకి గడ్డి రాదు, ఆవు లేకపోతే పేడ రాదు, పేడ లేకపోతే అరటి గెల అరచేతి కంటే పెరగదు. ఈ శనివారం ఆమె సొంత తమ్ముడు వ్యాను తెచ్చి ఆమెని మోషీ పట్నం తీసుకుపోతాడు. ఇక అక్కడే, వాళ్ళింట్లో పని చేసుకుంటూ ఉండిపోవడం. ఆమె వెళ్ళిపోతే ఆ చెక్క పెద్దవాడైన ఎలియాకుందాకి వస్తుందని కులపెద్దలు చెప్పేశారు.

"నేను ఆమె గడ్డిపోచ ముట్టలేదు" అంది ఎలిపీనా.

"పురుగులకి పిచ్చెక్కుంటుంది" అన్నాడు మొగుడు.

"వాళ్ళకి పిచ్చెక్కడం నేనెప్పుడూ చూడలేదు."

బుధవారం విసుక్కుంటూ ఒక మోపు గడ్డి అవోసె గుమ్మంలో వేసి వచ్చింది. ఆ సాయంత్రమూ వెలుగు అక్కడే. గురువారం మూడు మోపులు వేసింది. మెడ పట్టేసింది. చీకటి పడేసరికి అవోసె వరస దాటి తనే వచ్చింది, తలకి కట్టిన గుడ్డ సగం ఊడిపోయి.

"అక్కా, నీ దీపం నువ్వు తోలుకుపో. మూడు రోజులుగా నిద్ర లేదు నాకు. మొహం మీద కూర్చుంటోంది."

"నేను తోలుకుపోనంటున్నానా? నాలుగు మోపులు వేశాను నీ గుమ్మంలో."

"నాకు ఆవుందా? ఆ గడ్డి నేను తినాలా? నడవడానికి చోటు లేదు."

"ఎనిమిది అంగీలు మిగిలాయి అవోసే. పాస్టరుగారికి ఏం చెప్పను, నా వెలుగు తోడికోడలింట్లో సామాను సర్దడం చూస్తోందని చెప్పనా?"

"అయితే మిషనెత్తుకుని అక్కడికే రా. వెలుగు నీదే కదా, దాని కిందే కూర్చుని కుట్టుకో" అంది అవోసె, విసురుగా.

ఎలిపీనాకి అంతకంటే దారి కనపడలేదు. మిషను ఆమె ఒక పక్క, ఈమె ఒక పక్క పట్టుకుని, దారంతా ఒకరినొకరు తిట్టుకుంటూ తీసుకుపోయారు. గుడిసెలో మూటలు, మడిచిన చాపలు, తాడుతో కట్టిన గిన్నెలు. వెలుగు దూలం కింద హాయిగా ఉంది, పుట్టినింటికి వచ్చినట్టు. ఎలిపీనాకి దాన్ని చూస్తే ఒళ్ళు మండింది.

ఎలిపీనా కుట్టడం మొదలుపెట్టింది. అవోసె గిన్నెలకి గుడ్డ చుడుతోంది.

"ఈమధ్య గడ్డి ఎక్కడ కోస్తున్నావక్కా?" అంది తల ఎత్తకుండా.

"ఎక్కడేమిటి. కింద మైదానంలో దారికి కంచె వేసేశారు కదా, పోయినవారం నుంచి ఇంటిదగ్గరే కోస్తున్నా. ఇసాలె వరస పక్కన. మా వైపు."

"ఆ పొడుగాటి గడ్డా? ఆకు అంచు చెయ్యి కోస్తుంది, అదా?"

"అదే."

అవోసె గిన్నె కింద పెట్టింది. "ఆ గడ్డి మీ మరిది నాటినది. అత్తగారి ఊరినుంచి దుబ్బులు తెచ్చాడు. పెయ్యని కొందామని, ముందు దానికి మేత ఉండాలని, పది అడుగుల వెడల్పున మా చెక్క పొడుగూ నాటాడు. అది వేళ్ళూనేలోపల ఆయన పోయాడు. నువ్వు నా గుమ్మంలో వేసిన మోపులూ దానివే."

మిషను ఆగిపోయింది.

"ఇసాలె వరస దానికి అవతల ఉండేది అప్పుడు" అంది అవోసె, వాతావరణం గురించి చెప్పినట్టు. "నేను మైలబట్టల్లో నలభై రోజులు లోపల కూర్చుని బయటికి వచ్చేసరికి ఇవతలికి వచ్చింది. కులపెద్ద దగ్గరికి పోయాను. ఇసాలె మొక్కకి కాళ్ళుంటాయా అమ్మా, దుఃఖంలో ఉన్నావు, ఇంటికి పో, అన్నాడు."

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"ఆ కొత్త మొక్కల మీదే నువ్వు బట్టలారేసేదానివక్కా. నీకు తెలుసనుకున్నాను."

ఎలిపీనా అంగీ విప్పి మళ్ళీ మడిచింది. తెలుసా అంటే తెలియదు. కానీ, ముప్ఫై ఏళ్ళ వరసలో కాండాలు వేలెడు సన్నగా ఎందుకున్నాయని ఒకరోజు దుప్పటి ఆరేస్తూ అనుకుంది. అనుకుని, మొగుణ్ణి అడగకుండా, దుప్పటి సరిచేసి లోపలికి పోయింది. అడిగితే ఏం వినాల్సి వస్తుందో ఆ రోజే ఆమెకి తెలుసు.

శుక్రవారం పొద్దున ఆవుకి గడ్డి వెయ్యలేదు. అరటిబోదె నరికి వేసింది. బకెట్లలో పేడ వెయ్యలేదు. పొయ్యి వెలిగించలేదు. ఎలియాకుందా వరండాలో ఖాళీ గిన్నె పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమే, ఇవాళ ఉపవాసమా?"

"ఇసాలె వరస ఎవరు జరిపారండీ?"

"ఏ వరస?"

"మన ఊళ్ళో ఎన్ని వరసలున్నాయి మీకు?"

ఆయన గిన్నెలోకి చూశాడు. గిన్నెలో ఏమీ లేదు. "జరపడం ఏమిటి... వంకరగా ఉంటే కాస్త తిన్నగా చేశాను. వాడు పోయాక."

"పది అడుగులు తిన్నగా చేశారు."

"ఒంటరి ఆడది, పిల్లలా పాడా, అంత నేల ఏం చేసుకుంటుందనుకున్నాను. ఎలాగూ మనకి వచ్చేదే కదా."

"ఆమె వెళ్ళిపోతే వచ్చేది. ఆ పది అడుగులూ ఉంటే ఆవుని పెట్టుకునేది. ఆవుంటే వెళ్ళేది కాదు." ఆమె గొంతు పెంచలేదు. ఎలిపీనా గొంతు పెంచదు, అదే ఆయనకి భయం. "తమ్ముడి సమాధి మీద మట్టి ఆరకముందు ఇసాలె మొక్క పీకిన చేత్తో మూడేళ్ళుగా చర్చిలో కానుకల పళ్ళెం పడుతున్నారు మీరు. నేను మీ పక్కన నిలబడి పాడుతున్నాను."

"అయితే ఇప్పుడు ఏం చెయ్యమంటావు?"

"ఆకు పట్టుకుపోండి."

ఇసాలె ఆకు ముడివేసి ఇచ్చినవాణ్ణి క్షమించకపోవడం ఈ కొండమీద లేదు. కొడుకుని చంపినవాడు తెచ్చి ఇచ్చినా పుచ్చుకోవాలి. అందుకే ఎవరూ ఊరికే తీసుకుపోరు. ఇచ్చిన చెయ్యి, తప్పు నాదేనని ఊరందరి ఎదుటా ఒప్పుకున్నట్టే.

"నేను పెద్దవాణ్ణి" అన్నాడు ఎలియాకుందా. "మరదలి గుమ్మంలో ఆకు పట్టుకుని నిలబడమంటావా?"

"సరే కూర్చోండి" అని, ఆమె తనే వరస దగ్గరికి పోయి పొడుగాటి ఆకొకటి కోసింది. ముడి వేసింది. గడ్డి కోసింది తనే, సన్నని కాండాలు చూసి ఊరుకున్నదీ తనే. ఆయన తప్పు ఆయనదైతే తన ముడి తనదే.

అవోసె గుమ్మంలోనే ఉంది. ఆకు చూడగానే ఆమె మొహం మాడిపోయింది.

"దాన్ని వెనక్కి తీసుకుపో అక్కా."

"పుచ్చుకో."

"మూడేళ్ళు కడుపులో దాచుకున్నాను. రేపు పోతూ పోతూ మీ గుమ్మం ముందు నిలబడి నాలుగు మాటలనాలని ఒక్కొక్కటీ ఏరి పెట్టుకున్నాను. ఆకు పట్టుకొచ్చి ఆ కోపం కూడా లేకుండా చేస్తావా? ఒక్కరోజు ఆగలేకపోయావా?"

"ఆగితే నువ్వుండవు కదే."

అవోసె అటు తిరిగింది. ఎలిపీనా చెయ్యి చాపే ఉంచింది. మోచెయ్యి లాగుతున్నా దించలేదు. చివరికి అవోసె ఇటు తిరక్కుండానే చెయ్యి వెనక్కి పెట్టి ఆకు లాక్కుంది.

"క్షమించమన్నారు, క్షమించాను. తవ్వించకూడదని మాత్రం ఎవరూ అనలేదు. బావగారిని గునపం తీసుకుని రమ్మను. ఇప్పుడే, పొద్దుండగానే, అందరూ చూసేటప్పుడు."

ఎలియాకుందా వచ్చాడు. ఎలా వచ్చాడో, లోపల ఆయనకీ ఎలిపీనాకీ ఏం మాటలయ్యాయో ఆ ఇంటి గోడలకే తెలియాలి. మధ్యాహ్నం నుంచి తవ్వాడు. దారినపోయే షిరిమాగారి కోడలు మోపు దించి నిలబడింది. బైబిలు చదివే ముసలాయన కర్ర మీద గడ్డం ఆనించి చూశాడు. కాసేపటికి ఎవరో పంపితే కులపెద్ద కూడా వచ్చాడు. ఒక్కో మొక్కా పెకలించి, పది అడుగులు మోసుకుపోయి, పాత గుంటల్లో పెట్టడం అందరూ చూశారు. గుంటలు వెతకక్కర్లేకపోయింది. అక్కడ మూడేళ్ళుగా ఏమీ మొలవలేదు.

"మొక్కకి కాళ్ళుంటాయన్నమాట" అంది అవోసె, కులపెద్ద పక్కన నిలబడి. ఆయన దగ్గుకున్నాడు.

సాయంత్రం ఎలిపీనా తన పాకలోంచి ఏడాదిన్నర పెయ్యని తాడు పట్టి లాక్కుంటూ వచ్చింది. అది రానంటే రానని నాలుగు కాళ్ళూ తన్నిపెట్టింది. చెమటలు కక్కుతూ అవోసె గడ్డిలోకి దాన్ని నెట్టి, తాడు చేతికిచ్చింది.

"పెంపకానికి ఇస్తున్నాను. పెయ్య నాది. పాలు, పేడ నీవి. మొదటి దూడ నీది. ఇది మొండిది, ముందే చెప్తున్నాను."

"మీ ఇంట్లో పుట్టినది మొండిది కాకపోతే ఎలా" అంది అవోసె. తాడు మాత్రం రెండు చుట్లు చేతికి చుట్టుకుంది. పెయ్య అప్పటికే తలవంచి మేస్తోంది.

ఆ సాయంత్రమూ వెలుగు అవోసె ఇంట్లోనే వెలిగింది. బకెట్లలో పాత గడ్డి పేడే ఇంకా ఉంది మరి. ఎలిపీనా విసుక్కుంటూనే వెళ్ళి ఎనిమిదో అంగీ మొదలుపెట్టింది. అవోసె మూటల నడుమ కూర్చుని, అడక్కుండానే గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. కుడుతూ, ఎలిపీనా వేసిన కుట్లు దూరదూరంగా ఉన్నాయంది. ఎలిపీనా, నువ్వు కుట్టిన గుండీలు కాజాలకి ఆమడ దూరంలో ఉన్నాయంది. ఇద్దరూ ప్రయాణం మాట ఎత్తలేదు.

శనివారం తెల్లారగానే అవోసె తమ్ముడు కలేబు వ్యాను తెచ్చాడు. అక్క గడ్డి కోస్తోందని ఎవరో చెబితే, సరే, ఆఖరి పనులేవో ఉంటాయనుకుని తనే సామాను ఎక్కించడం మొదలుపెట్టాడు. చాపలు, గిన్నెలు, రెండు కుర్చీలు ఎక్కించాడు. మంచం ఒక్కడే భుజాన వేసుకుని, వంగి, గుమ్మం దాటించి, వ్యాను దాకా మోసుకొచ్చేసరికి అవోసె నెత్తిమీద మోపుతో ఎదురొచ్చింది.

"అదేమిటిరా, మంచమెక్కడికి?"

కలేబు మంచం కిందనుంచే ఆమెకేసి చూశాడు. "ఎక్కడికేమిటక్కా. రెండు గంటలు ఆ గతుకుల దారిలో ఎందుకొచ్చాననుకున్నావు? నీకు గది ఖాళీ చేసి పెట్టాం."

"ఆ గదిలో మీ అత్తగారిని పెట్టుకోండి. నాకు ఆవుంది."

"నీకు ఆవెక్కడిది?"

అటు గడ్డిలోంచి పెయ్య గట్టిగా అరిచింది. అవోసె మోపు దించి, చెంగుతో మెడ తుడుచుకుంది.

"మరి దీన్నేం చెయ్యమంటావు?" అన్నాడు కలేబు, మంచం ఇంకో భుజానికి మార్చుకుంటూ.

"తీసిన చోటే పెట్టు. ఆ మూలకోడు పొట్టిది, దాని కింద చెక్కముక్క ఉండాలి, అది కూడా వెతికి పెట్టు" అంది అవోసె, గడ్డి మోపు విప్పుతూ.